ఎండకు నిలిచే ప్లాస్టిక్, ఎండకు నిలిచే రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చుట్టుపక్కల డ్రిప్ పైపులు, షేడ్‌నెట్లు, పాలీహౌస్ షీట్లు కొనే రైతులైనా, మిద్దె మీద నీళ్ల ట్యాంకు పెట్టించుకునేవారైనా, గేటుకు రంగు వేయించుకునేవారైనా కొట్టులో అడుగు పెట్టగానే అడిగే మాట ఒకటే: "అన్నా, దీంట్లో యూవీ ఉందా?" ఉందని చెప్పగానే బేరం మొదలవుతుంది. ఏ రకం యూవీ రక్షణ, ఎంత పాళ్లలో కలిపారు, మన ఎండలో అది ఎన్నాళ్లకు ఖర్చయిపోతుంది అని అడిగేవారు అరుదు. ఈ సరుకు అమ్మిన అనుభవంతో, పాడైన సరుకును వెనక్కి తెచ్చినవారి కోపం చవిచూసిన అనుభవంతో, నాకు తరచుగా ఎదురైన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఎండలో ప్లాస్టిక్ ఎందుకు పెళుసుబారుతుంది?

నేలకు చేరే సూర్యకాంతిలో అతినీలలోహిత (యూవీ) భాగం, శక్తి లెక్కన చూస్తే, ఐదారు శాతమే. సుమారు 295 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ కిరణాలు చేసే నష్టం మాత్రం మిగిలిన కాంతి అంతా కలిసి చేసేదానికంటే ఎక్కువ. 300 నానోమీటర్ల కాంతి మోసుకొచ్చే శక్తి మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్లు ఉంటుంది. ప్లాస్టిక్ అణువులు పొడవైన గొలుసుల్లా ఉంటాయి; ఆ గొలుసులో కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య ఉన్న బంధం తెగడానికి 350 సరిపోతుంది. అయినా స్వచ్ఛమైన పాలిథిలీన్ ఈ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. తయారీలో కరిగించినప్పుడు వేడికి పుట్టిన పెరాక్సైడ్లు, కార్బొనైల్ గుంపులు, మిగిలిపోయిన ఉత్ప్రేరకపు జాడలు వాటిని పీల్చుకుంటాయి. అక్కడ పుట్టిన స్వేచ్ఛా రాడికల్ (బంధం తెగి, దేనికైనా అంటుకోవాలని చూసే అణువు ముక్క) గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పక్క గొలుసు మీద పడుతుంది, ఆ గొలుసు నుంచి ఇంకో రాడికల్ పుడుతుంది, ఇలా ఈ పని తనంతట తానే సాగిపోతుంది. పొడవైన గొలుసులు పొట్టివి అయ్యేకొద్దీ సాగే గుణం పోయి విరిగే గుణం వస్తుంది.

పాలీప్రొపిలీన్ గొలుసులో తేలికగా ఊడివచ్చే హైడ్రోజన్లు ఎక్కువ కాబట్టి అది ఇంకా త్వరగా చెడుతుంది. ఖాళీ ఎరువుల గోతాన్ని కాంపౌండు గోడ మీద ఆరేసి మరచిపోయిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు: వేసవి గడిచాక దాన్ని లాగితే గోతాం రాదు, పిడికిట్లోకి తెల్లని పీలికలు వస్తాయి.

యూవీ రక్షక పదార్థాలు ఎన్ని రకాలు?

పని చేసే తీరును బట్టి చూస్తే ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. మొదటిది కిరణాలను అడ్డగించేది: కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసి, టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఈ కోవలోకి వస్తాయి. రెండవది కిరణాన్ని పీల్చుకుని, తన అణువులోనే ఒక హైడ్రోజన్‌ను అటూ ఇటూ జరిపి, ఆ శక్తిని హాని లేని వేడిగా మార్చి వదిలేసేది. బెంజోఫినోన్లు, బెంజోట్రయాజోల్‌లు, ట్రయజీన్లు ఇలాంటివి. పారదర్శకంగా ఉండవలసిన షీట్లలోనూ వార్నిష్‌లలోనూ వీటి అవసరం ఎక్కువ.

మూడవది హాల్స్ (హిండర్డ్ అమీన్ లైట్ స్టెబిలైజర్లు అనే ఇంగ్లిష్ పేరుకు పొట్టి రూపం). 1970ల నుంచి వాడుకలో ఉన్న ఈ అమీన్ జాతి పదార్థం కిరణాన్ని ఆపదు. కిరణం వల్ల పుట్టిన రాడికల్‌ను పట్టుకుని, గొలుసుకట్టుగా సాగే నష్టాన్ని మధ్యలో తుంచేస్తుంది. ఆ పని అయ్యాక అది మళ్లీ పాత రూపానికి వచ్చి ఇంకో రాడికల్‌ను పట్టుకోగలదు కాబట్టి, చిటికెడు హాల్స్ చాలా కాలం పని చేస్తుంది. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ వస్తువులలో ఇంతగా ఉపయోగపడినది మరొకటి లేదని నా అభిప్రాయం. నికెల్ కలిసిన పాత రకం పదార్థాలు కూడా ఉండేవి. వాటితో చేసిన షీటుకు లేత పసుపుపచ్చ ఛాయ ఉండేది. భారలోహం అన్న కారణంగా వాటి వాడకం తగ్గిపోయింది.

మళ్లీ మళ్లీ పని చేసేదైతే అది ఎందుకు అయిపోతుంది?

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. రక్షక పదార్థం మూడు దారులలో తగ్గిపోతుంది, ఆ మూడూ మన దగ్గర చురుగ్గానే సాగుతాయి.

ఒకటి, రసాయనికంగా ఖర్చు కావడం. కిరణాన్ని పీల్చుకునే అణువు లక్షల సార్లు ఆ పని చేసినా, ఎప్పుడో ఒకసారి తానే విరిగిపోతుంది. హాల్స్ కూడా పక్క ప్రతిచర్యలలో చిక్కి కొంచెం కొంచెంగా నశిస్తుంది.

రెండు, బయటికి జారిపోవడం. ఈ పదార్థాలు ప్లాస్టిక్‌తో రసాయనికంగా అతుక్కుని ఉండవు, దానిలో కలిసి ఉంటాయంతే. అణువు చిన్నదైతే అది లోపల నుంచి పైపొరకు పాకి, అక్కడ నుంచి ఆవిరైపోతుంది, వానకు కడుక్కుపోతుంది, లేదా దుమ్ముతో పాటు తుడిచిపెట్టుకుపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పాకడం వేగమవుతుంది. అణుభారం 500 కంటే తక్కువ ఉండే హాల్స్ రకాలు మందమైన వస్తువులలో బాగా పనికొస్తాయి, ఎందుకంటే పైపొరలో తగ్గినదాన్ని లోపలి నిల్వ భర్తీ చేస్తూ ఉంటుంది. సన్నని షీటులో, నెట్టు దారంలో లోపలి నిల్వ అంటూ ఉండదు కాబట్టి అక్కడ 2,000 దాటిన అణుభారం గల పెద్ద అణువులు వాడాలి. మంచి తయారీదారులు రెండింటినీ కలిపి వాడుతారు.

మూడు, విషం తగలడం, అంటే రక్షక పదార్థాన్ని వేరే రసాయనం పనికిరాకుండా చేయడం. దీని గురించి పాలీహౌస్ ప్రశ్నలో వివరంగా చెబుతాను.

"ఐదేళ్ల గ్యారంటీ" అంటే మన ఊళ్లో కూడా ఐదేళ్లేనా?

కానక్కరలేదు. రక్షక పదార్థం క్యాలెండరు చూసి ఖర్చవదు, పడిన ఎండను బట్టి ఖర్చవుతుంది. అందుకే ఈ రంగంలో ఆయుష్షును కిలోలాంగ్లీలలో చెప్పే పద్ధతి ఉంది. ఒక కిలోలాంగ్లీ అంటే చదరపు మీటరుకు 41.84 మెగాజౌళ్ల సౌరశక్తి.

లెక్క వేసి చూద్దాం. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున ఐదున్నర కిలోవాట్ అవర్ల చొప్పున సౌరశక్తి పడుతుంది, అంటే ఏడాదికి సుమారు 2,000. ఓర్వకల్లు మండలంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, నంబులపూలకుంట దగ్గర మరొకటి రావడానికి కారణం ఈ ఎండే. 2,000 కిలోవాట్ అవర్లను మెగాజౌళ్లలోకి మారిస్తే 7,200, దాన్ని 41.84తో భాగిస్తే ఏడాదికి దాదాపు 172 కిలోలాంగ్లీలు. నెదర్లాండ్స్ లాంటి ఉత్తర ఐరోపా దేశంలో ఏడాదికి పడేది ఇందులో సుమారు సగం. అంటే 350 కిలోలాంగ్లీల వరకు నిలుస్తుందని చెప్పిన షీటు అక్కడ నాలుగేళ్లు, ఇక్కడ రెండేళ్లు. మన ఏప్రిల్, మే నెలల నలభై డిగ్రీల వేడి ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. అది కలిస్తే ఆయుష్షు మరికొంత తగ్గుతుంది.

కాబట్టి గ్యారంటీ కాగితం మీద ఏళ్లు మాత్రమే రాసి ఉంటే, ఏ ప్రాంతపు ఎండకు ఆ ఏళ్లు లెక్కకట్టారో అడగాలి. జవాబు రాకపోతే, ఆ అంకెను నేనైతే లెక్కలోకి తీసుకోను.

నల్ల డ్రిప్ పైపు ఏళ్ల తరబడి నిలుస్తుంది, రంగు పైపు నిలవదు. ఎందుకు?

మసి వల్ల. కార్బన్ బ్లాక్ కిరణాలను పైపొరలోనే ఆపేస్తుంది, పైగా అది ఆవిరి కాదు, కడుక్కుపోదు, పాకిపోదు. నీటి సరఫరాకు వాడే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలీన్) పైపుల ప్రమాణమైన ఐ.ఎస్. 4984 ప్రకారం కార్బన్ బ్లాక్ రెండు నుంచి మూడు శాతం మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే రక్షణ చాలదు, మరీ ఎక్కువ వేసినా అదనపు లాభం ఉండదు.

అయితే నల్లగా ఉన్నదంతా మంచిదని అనుకోకూడదు. మసి రేణువు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, అది ప్లాస్టిక్‌లో ఎంత సమంగా కలిసిందన్నది ఇంకా ముఖ్యం. సరిగా కలపని పైపును బ్లేడుతో పలచగా చెక్కి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, నల్లని ముద్దలు ఒకచోట, పొగ రంగు చారలు ఒకచోట కనిపిస్తాయి. ఆ పలచని చారల దగ్గరే పైపు పగులుతుంది. చీనీ (బత్తాయి) తోటల్లో మూడో ఏటికే డ్రిప్పర్ బిగించిన రంధ్రం చుట్టూ చీలిన ల్యాటరళ్లను, అంటే చెట్ల వరుసల వెంట వేసే సన్న డ్రిప్ పైపులను, నేను చెక్కి చూసినప్పుడు చాలా వాటిలో ఇదే కనిపించింది. రంధ్రం దగ్గర పైపు ఎప్పుడూ సాగదీసి పట్టుకున్నట్టే ఉంటుంది కాబట్టి బలహీనత మొదట అక్కడే బయటపడుతుంది.

పాలీహౌస్‌లో క్యాప్సికం వేశాము. బూడిద తెగులుకు గంధకం వాడుతున్నాము. షీటు ఏడాదిన్నరకే చిరిగింది. తప్పు ఎవరిది?

ఈ ప్రశ్న మీద కొట్టు ముందు గొడవలు జరగడం నేను చూశాను. రైతు కంపెనీని తిడతాడు, కంపెనీవాళ్లు రైతు మందులు ఎక్కువ కొట్టాడంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

హాల్స్ అనేది అమీన్, అంటే క్షార గుణం కలది. ఆమ్లం తగిలితే అది లవణంగా మారిపోయి, రాడికల్‌ను పట్టుకునే రూపాన్ని పొందలేదు. గంధకాన్ని పొడిగా చల్లినా, పిచికారీ చేసినా, రాత్రిపూట వేడి చేసి ఆవిరిగా వదిలినా, అది షీటు లోపలి ముఖం మీద పేరుకుంటుంది. ఎండకూ తేమకూ దాని నుంచి ఆమ్ల పదార్థాలు పుడతాయి. క్లోరిన్ ఉన్న కొన్ని పురుగుమందులతో కూడా ఇదే జరుగుతుంది. బయటి నుంచి ఎండ, లోపలి నుంచి ఆమ్లం, మధ్యలో 200 మైక్రాన్ల షీటు.

దీనికి విరుగుడుగా ఎన్‌ఓఆర్ హాల్స్ అనే రకాలు వచ్చాయి. వీటికి క్షార గుణం చాలా తక్కువ, అందుచేత ఆమ్లానికి అంత తేలికగా లొంగవు. ఖరీదు ఎక్కువ. గంధకం తప్పనిసరిగా వాడే పంట వేయాలనుకుంటే, షీటు కొనేముందే ఆ మాట చెప్పి, గంధకాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో రాతపూర్వకంగా తీసుకోవాలి. మంచి కంపెనీలు గంధకానికీ క్లోరిన్‌కూ షీటులో పేరుకోదగ్గ గరిష్ఠ పరిమితిని గ్యారంటీ షరతులలోనే రాస్తాయి; ఆ సన్న అక్షరాలను ఎవరూ చదవరు, గొడవ వచ్చాక మాత్రం కంపెనీ మనిషి వేలు పెట్టి చూపించేది వాటినే.

షీటు ఎప్పుడూ ఇనుప గొట్టానికి తగిలే చోటే ముందు చిరుగుతుంది. రాపిడి వల్లనా?

రాపిడి కొంత, వేడి ఎక్కువ. మే నెల మధ్యాహ్నం జీఐ గొట్టం మీద చెయ్యి ఆనించి చూడండి, ఒక క్షణం కూడా ఉంచలేరు. ఆ గొట్టానికి అంటుకున్న షీటు మిగిలిన షీటు కంటే ఎంతో వేడిగా ఉంటుంది, అక్కడ రక్షక పదార్థమూ వేగంగా ఖర్చవుతుంది. గొట్టానికి ఎదురుగా షీటు బయటి ముఖాన తెల్లని అక్రిలిక్ రంగు పట్టీలాగా వేస్తే, గొట్టం అంతగా వేడెక్కదు, కిరణాలూ ఆగుతాయి. చౌకైన ఉపాయం, పని చేస్తుంది. ద్రావకం ఉన్న ఎనామిల్ రంగు మాత్రం వేయవద్దు.

షేడ్‌నెట్‌లో టేపు రకం మంచిదా, మోనో రకం మంచిదా?

ఒకే ముడిసరుకు, ఒకే మోతాదు అయితే మోనో. చదునైన టేపు పలచగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి, బరువుతో పోలిస్తే ఎండకూ గాలికీ ఎదురయ్యే ముఖం ఎక్కువ. గుండ్రని మోనో దారానికి ఆ ముఖం తక్కువ. అయితే నాసిరకం మోనో కంటే మంచి టేపే మేలు. నెట్టు నీడ శాతాన్ని మాత్రమే అడిగి కొంటారు, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువుందో కూడా అడగాలి.

మిద్దె మీద పీవీసీ పైపు తెల్లబడి, పసుపు తిరిగింది. పగులుతుందా?

వెంటనే పగలదు. పీవీసీలో ఎండ నష్టం పైన ఉన్న పలచని పొరకే పరిమితమవుతుంది. లోపలి నీటి ఒత్తిడిని తట్టుకునే శక్తి పెద్దగా తగ్గదు, కానీ దెబ్బ తగిలితే నిలిచే శక్తి తగ్గుతుంది. అంటే నీళ్లు పోసినన్నాళ్లు బాగానే ఉండి, పిల్లలు క్రికెట్ బంతి కొట్టిన రోజున విరుగుతుంది. నీటిలో కలిసే లేత రంగు అక్రిలిక్ పెయింటు రెండు చేతులు వేస్తే చాలు. పొలంలో అయితే పూడ్చడమే సరైన పద్ధతి.

నీళ్ల ట్యాంకు మూడు పొరలదా, నాలుగు పొరలదా అన్నది ముఖ్యమా?

పొరల సంఖ్య కంటే బయటి పొరలో ఏముంది, మొత్తం మందం ఎంత అన్నది ముఖ్యం. ఈ ట్యాంకులకు వర్తించే ప్రమాణం ఐ.ఎస్. 12701, ఆ గుర్తు చూసి కొనాలి. తెల్లని లేదా రంగు ట్యాంకు కొంటే రక్షణ భారమంతా హాల్స్ మీదా టైటానియం డయాక్సైడ్ మీదా పడుతుంది. వెలుతురు లోపలికి దిగే ట్యాంకులో పాచి పడుతుంది, అందుకే మధ్యలో నల్ల పొర పెడతారు. పాత ట్యాంకు మూత మీద వేలు రాసి చూస్తే సుద్దలాంటి పొడి అంటుకుంటే, పైపొర రక్షణ అయిపోయిందని అర్థం.

గేటుకు వేసిన రంగు రెండేళ్లకే సుద్దలా రాలుతోంది. ఎందుకు?

రంగులో రెండు భాగాలు ఉంటాయి: రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే బంధకం. ఎండకు బంధకం క్షీణించినప్పుడు పొడి విడిపోయి చేతికి అంటుతుంది. బంధకం ఎపాక్సీ అయితే ఇది చాలా త్వరగా జరుగుతుంది. ఎపాక్సీ తుప్పును ఆపడంలో దిట్ట, ఎండ ముందు మాత్రం నిలవలేదు, అందుకే దాని మీద తప్పకుండా పాలీయురేథేన్ లేదా అక్రిలిక్ పైపూత వేయాలి.

పొడి విషయానికొస్తే, తెల్లదనానికి వాడే టైటానియం డయాక్సైడ్‌లో రూటైల్, అనటేజ్ అని రెండు స్ఫటిక రూపాలున్నాయి. అనటేజ్ కిరణం తగిలినప్పుడు తానే రాడికళ్లను పుట్టించి చుట్టూ ఉన్న బంధకాన్ని తినేస్తుంది. రూటైల్‌లో ఆ గుణం తక్కువ, పైగా దాని రేణువులకు అల్యూమినా, సిలికా పూత పూసి ఆ కొంచెం గుణాన్ని కూడా అణచివేస్తారు. బయట వేసే చౌక రంగులో అనటేజ్ కలిపితే, రక్షించవలసిన పదార్థమే చేటు తెస్తుంది.

తలుపులకు వేసే పారదర్శకమైన వార్నిష్ కథ వేరు. అక్కడ వార్నిష్ బాగుండి కూడా కింద చెక్క చెడవచ్చు. కిరణాలు పూతను దాటి, చెక్క పీచులను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడితే, పూతకు పట్టు పోయి అది పొరలుగా లేచిపోతుంది. కాబట్టి అందులో కిరణాన్ని పీల్చే పదార్థమూ హాల్స్ రెండూ ఉండాలి. కార్ల పైపూతలలో కూడా ఈ జంటనే వాడుతారు. పీల్చే పదార్థం ఎంత ఉన్నా పూత పలచగా ఉంటే లాభం లేదు, కిరణం ఆగడానికి దారి పొడవు కూడా కావాలి. ఒక చేయి తగ్గించి కూలి మిగుల్చుకున్నవారు ఆ మిగులును రెండేళ్లలో తిరిగి ఖర్చు పెడతారు.

ల్యాబులో ఇన్ని వేల గంటలు నిలిచిందంటే బయట ఎన్నేళ్లు?

నేరుగా మార్చే సూత్రం లేదు. జీనాన్ దీపం పరీక్ష సూర్యకాంతికి దగ్గరగా ఉంటుంది. ఫ్లోరసెంట్ దీపాలలో 340 రకం కూడా తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు ఎండను బాగానే అనుకరిస్తుంది. 313 రకం మాత్రం నేలకు చేరని తీవ్ర కిరణాలను కూడా వదులుతుంది కాబట్టి దాని ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. రెండు సరుకులను ఒకే యంత్రంలో పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఈ పరీక్షలు మంచివి. "చెడింది" అని ఎప్పుడు అంటారో కూడా అడగాలి: షీట్ల విషయంలో సాధారణంగా, తెగే ముందు సాగే గుణం మొదటిదానిలో సగానికి పడిపోతే ఆయుష్షు తీరినట్టు లెక్క.

పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన సరుకులో యూవీ కలిపితే చాలదా?

చాలదు. ఎండ తిన్న ప్లాస్టిక్‌లో తెగిన గొలుసులు, పెరాక్సైడ్లు ముందే ఉంటాయి, కొత్తగా కలిపిన రక్షణ వాటితోనే సగం ఖర్చవుతుంది. మట్టి, మందుల అవశేషాలు మిగిలితే హాల్స్‌కు అదీ చేటే.

కంటితో చూసి యూవీ ఉందో లేదో చెప్పవచ్చా?

చెప్పలేము. కాల్చి వాసన చూడటం, రంగు చూడటం, నమిలి చూడటం (నవ్వకండి, చూశాను) ఏవీ పనికిరావు. మసి శాతాన్ని మాత్రం ల్యాబులో సులభంగా తేలుస్తారు: ముక్కను నత్రజని వాయువులో కాల్చితే ప్లాస్టిక్ ఆవిరైపోయి మసి మిగులుతుంది, దాన్ని తూస్తారు. పెద్ద మొత్తంలో కొనేవారు ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఈ పదార్థాల వల్ల హాని ఉందా?

అన్నిటినీ ఒకే గాటన కట్టలేము. బెంజోట్రయాజోల్ జాతికి చెందిన యూవీ-328 అనే పదార్థం నేలలో, నీటిలో చాలా కాలం విచ్ఛిన్నం కాకుండా ఉండి, జీవుల శరీరంలో పేరుకుంటుందని తేలడంతో 2023లో దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందంలో నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చారు. రక్షణ లేని ప్లాస్టిక్ కూడా నేలకు మంచిది కాదు. ముక్కలైన మల్చింగ్ షీటును పొలంలో నుంచి ఏరడం ఎవరి తరమూ కాదు.

షీటు, నెట్టు చుట్టలు తెచ్చి బిగించడానికి రెండు నెలలు ఆలస్యమైంది. కళ్లంలోనే ఉన్నాయి. ఏమైనా నష్టమా?

ఎండలో ఉంటే నష్టమే, ఎందుకంటే పై రెండు మూడు చుట్లు అప్పటికే ఎండ లెక్కలో రెండు నెలలు వాడేసినట్టు. గోనెపట్టాలు కప్పి చెట్టు కింద పెట్టినా చాలు. ఎరువుల బస్తాలు, గంధకం ఉన్న గదిలో మాత్రం పెట్టవద్దు. ఇప్పటికే ఎండ తగిలి ఉంటే, విప్పేటప్పుడు ఆ పై చుట్లను విడిగా కోసి గుర్తు పెట్టుకోండి, పైకప్పుకు వాడకుండా ఉత్తరం వైపు పక్కగోడకు కట్టండి.